సీడీ మీద ఎస్‌పీ3, లోపల 2180: పాత ఎక్స్‌పీకి సిస్‌ప్రెప్ వెతికిన నా అనుభవం

2014 జనవరి మొదటి వారంలో, సంక్రాంతికి ఇంకా పది రోజులు ఉందనగా, హన్మకొండ నయీంనగర్‌లో నేను పనిచేసే డీటీపీ శిక్షణ కేంద్రానికి సికింద్రాబాద్ నుంచి 18 పాత కంప్యూటర్లు వచ్చాయి. ఏదో కార్యాలయం కొన్నేళ్లు వాడి తీసేసిన కోర్ టూ డుయో యంత్రాలవి. ఒక్కోదానిలో ఒక జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్ ఉన్నాయి. డబ్బా పక్కన విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ స్టిక్కర్, దాని మీద 25 అక్షరాల కీ చెదరకుండా ఉన్నాయి. హార్డ్ డిస్క్‌లను మాత్రం పూర్తిగా తుడిచి పంపారు. ఫిబ్రవరిలో మేడారం జాతర ఉన్నందున, వాల్‌పోస్టర్లు, కరపత్రాలు, ఫ్లెక్సీల పనికి చేయి తిరిగిన పిల్లలను ప్రెస్సుల వాళ్లు అప్పటికే అడగడం మొదలుపెట్టారు. కొత్త బ్యాచ్ పండుగ మరునాడే మొదలుకావాలని మా యజమాని నిర్ణయించారు. ఆయనను మేమందరం అన్న అనే పిలుస్తాం.

ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8తో ముగుస్తుందని తెలిసి కూడా దానినే ఎందుకు ఎక్కించాలనుకున్నామని అడగవచ్చు. మా పిల్లలు నేర్చుకునేది పేజ్‌మేకర్ 7.0 మీద, యూనికోడ్‌కు ముందు తరం తెలుగు ఫాంట్లతో, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌లో. చౌరస్తా నుంచి పోచమ్మమైదాన్ దాకా వారు రేపు కూర్చోబోయే ప్రెస్సుల్లో అత్యధికం అప్పటికి అదే సరంజామాతో, అదే ఎక్స్‌పీ మీద నడుస్తున్నాయి. పైగా ఒక జీబీ ర్యామ్ ఉన్న యంత్రాన్ని కొత్త విండోస్‌తో నడిపి పిల్లల ఓపికను పరీక్షించడం నాకు ఇష్టం లేదు. ఈ 18 యంత్రాలనూ ఇంటర్నెట్‌కు కలపకూడదని, లోపలి నెట్‌వర్క్ స్విచ్‌కు, ప్రింటర్‌కు మాత్రమే కలపాలని అన్నతో ముందే ఒప్పందం చేసుకున్నాను.

ఒక్కో యంత్రంలో విండోస్, డ్రైవర్లు, పేజ్‌మేకర్, ఫొటోషాప్, ఫాంట్లు, ప్రింటర్ అమరికలు వరుసగా ఎక్కించుకుంటూ పోతే ఎంత చేయి తిరిగినవారికైనా సగం రోజు పడుతుంది. 18 యంత్రాలకు తొమ్మిది రోజులు కావాలి, నా చేతిలో అన్ని రోజులు లేవు. అందుకని ఒక యంత్రాన్ని అన్ని విధాలా సిద్ధం చేసి, దాని హార్డ్ డిస్క్‌ను క్లోన్‌జిల్లా అనే నకలు తీసే సాఫ్ట్‌వేర్‌తో ఇమేజ్‌గా, అంటే మొత్తం డిస్క్ నకలుగా తీసి, మిగతా వాటిలో దించాలని తీర్మానించాను. ఆ మాస్టర్ యంత్రాన్ని ఎస్‌పీ2, అంటే సర్వీస్ ప్యాక్ 2 అనే సవరణల మూట ఉన్న పాత సీడీతో మొదలుపెట్టి, తర్వాత పెన్ డ్రైవ్‌లో ఉన్న సర్వీస్ ప్యాక్ 3ను దానిపై నడిపాను. ఈ వివరం అప్పుడు నాకు ఏ మాత్రం ముఖ్యమైనదిగా తోచలేదు.

మొదటి పొరపాటు తొందరలోనే జరిగింది. మాస్టర్‌ను ఉన్నదున్నట్టుగా ఇమేజ్ తీసి, రెండు యంత్రాల్లో దించి, మూడింటినీ స్విచ్‌కు కలిపాను. నెట్‌వర్క్‌లో ఇదే పేరుతో మరొక కంప్యూటర్ ఉందన్న హెచ్చరిక రెండో యంత్రం తెర మీద వెంటనే వచ్చింది. పేరు చేతితో మార్చుకోవచ్చు. కానీ పేరుతో పాటు విండోస్ ఎక్కించినప్పుడు పుట్టే భద్రతా గుర్తింపు సంఖ్య, అంటే ఎస్ఐడీ కూడా మూడింటిలోనూ ఒకటే అయి కూర్చుంది. ఒకప్పుడు దీనికి సిసింటర్నల్స్ వారి న్యూఎస్ఐడీ అనే చిన్న పనిముట్టును అందరం వాడేవాళ్లం. దానిని తయారుచేసిన మార్క్ రుస్సినోవిచ్ 2009 నవంబర్‌లో స్వయంగా దానిని ఉపసంహరించారు. రెండు యంత్రాలకు ఒకే ఎస్ఐడీ ఉండటం వల్ల మనం భయపడేంత ప్రమాదం లేదని ఆయన వాదన. ఆ వాదనను నేను ఒప్పుకుంటాను. అయితే క్లోన్ చేసిన యంత్రాలకు మద్దతు కావాలంటే సిస్‌ప్రెప్ అనే తన సొంత పనిముట్టుతో సిద్ధం చేసి ఉండాలన్న మైక్రోసాఫ్ట్ నియమం మాత్రం మారలేదు. నా అసలు అవసరం కూడా ఎస్ఐడీ కంటే పెద్దది: 18 యంత్రాల్లో నాలుగింటి మదర్‌బోర్డు వేరు, చిప్‌సెట్ వేరు. ఒక యంత్రం కోసం కట్టిన విండోస్ ఇంకొక యంత్రంలో తనను తాను కొత్తగా సర్దుకోవాలంటే సిస్‌ప్రెప్ తప్ప దారి లేదు.

సిస్‌ప్రెప్ అంటే సిస్టమ్ ప్రిపరేషన్ టూల్. మా వైపు సిస్టమ్ అంటే బల్ల మీది డబ్బానే కనుక, దీని పేరు చెప్పగానే అన్న, దుమ్ము దులిపే బ్లోయర్ లాంటిదేదో కొనాలేమోనని, “ఎంతయితది?” అని అడిగారు. నిజానికి అది చేసేది దులపడం వంటిదే. యంత్రం పేరు, ఎస్ఐడీ, గుర్తుపట్టిన హార్డ్‌వేర్ వివరాలు, యాక్టివేషన్ (విండోస్ అసలైనదని మైక్రోసాఫ్ట్ దగ్గర నమోదు చేయడం) గడువు వంటి ఆ ఒక్క యంత్రానికే చెందిన గుర్తులను విండోస్ నుంచి విడిపించి, యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ స్థితిలో తీసిన ఇమేజ్‌ను ఎక్కడ దించినా, మొదటిసారి ఆన్ చేయగానే మినీ సెటప్ అనే చిన్న ఇన్‌స్టలేషన్ నడిచి, కొత్త యంత్రానికి కొత్త గుర్తులు ఇస్తుంది. ఇది నాకు సిద్ధాంతంగా తెలుసు. ఎక్స్‌పీలో అది ఎక్కడుంటుందో మాత్రం తెలియదు, ఎందుకంటే నేను అంతకుముందు దానిని వాడింది విండోస్ 7 మీద మాత్రమే.

విస్టా నుంచి సిస్‌ప్రెప్ విండోస్‌లోనే కలిసి వస్తుంది. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32 తెరిస్తే సిస్‌ప్రెప్ అనే ఫోల్డర్ సిద్ధంగా కనిపిస్తుంది. ఎక్స్‌పీలో ఆ చోట అలాంటి ఫోల్డర్ లేదు. లేకపోవడం చూసి, ఎవరో తీసేశారనుకున్నాను. లేనిదాన్ని తెచ్చిపెడితే సరిపోతుందన్న అమాయకత్వంతో నా ల్యాప్‌టాప్‌లోని విండోస్ 7 నుంచి ఆ ఫోల్డర్ మొత్తాన్ని పెన్ డ్రైవ్‌లో తెచ్చి నడిపాను. ఇది సరైన విన్32 అప్లికేషన్ కాదని ఎక్స్‌పీ మొహం మీదే చెప్పింది. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది 64 బిట్ విండోస్, అందులోని ప్రోగ్రామును 32 బిట్ ఎక్స్‌పీ చదవను కూడా చదవలేదు. అది అలా మొదటి మెట్టులోనే ఆగిపోవడం నా అదృష్టమని తర్వాత అర్థమైంది. పేరు ఒకటే అయినా విస్టా తరువాతి సిస్‌ప్రెప్ పద్ధతే వేరు. ఇన్‌స్టలేషన్ ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టే ఫైలు అక్కడ ఎక్స్ఎంఎల్ రకం, ఇక్కడ ఐఎన్ఎఫ్ రకం. యంత్రం గుర్తులు విడిపించే ఆదేశాన్ని అక్కడ జనరలైజ్ అంటే ఇక్కడ రీసీల్ అంటారు. మందుల షాపులో ఒకే పేరుతో పిల్లల సిరప్, పెద్దల మాత్ర రెండూ ఉన్నట్టే ఇది కూడా.

రెండో ప్రయత్నంలో కేంద్రం బీరువాలోని పాత సీడీల కట్టను తిరగేశాను. అందులో ఒక సీడీలో నిజంగానే సిస్‌ప్రెప్ దొరికింది. మొదటి దెబ్బ తిన్నందువల్ల ఈసారి నడపకుండా, ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో వర్షన్ అనే ట్యాబ్ చూశాను. అది విండోస్ 2000 కోసం చేసిన 1.1 వర్షన్. పక్కన పెట్టేశాను. ఆ రోజు అబ్బిన ఈ ఒక్క అలవాటే, నడిపే ముందు వర్షన్ ట్యాబ్ చూడటమే, మూడో ప్రయత్నంలో నన్ను కాపాడింది.

అప్పటికి నాకు తెలిసింది ఏమిటంటే, ఎక్స్‌పీలో సిస్‌ప్రెప్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కదు, ఇన్‌స్టలేషన్ సీడీలోనే సపోర్ట్ ఫోల్డర్‌లోని టూల్స్ ఫోల్డర్‌లో డిప్లాయ్ డాట్ క్యాబ్ అనే మూటలో ఉంటుంది. మూడు రోజులుగా నేను వెతుకుతున్నది నా బల్ల మీది సీడీలోనే ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. సీడీ పెట్టి క్యాబ్ మీద రెండుసార్లు నొక్కితే ఎక్స్‌పీ దానిని మామూలు ఫోల్డర్ లాగే తెరిచింది. లోపల సిస్‌ప్రెప్, సెటప్‌సీఎల్, సెటప్‌ఎంజీఆర్, వాటితో పాటు డిప్లాయ్, రెఫ్ అనే రెండు సహాయ పుస్తకాలు ఉన్నాయి. సిస్‌ప్రెప్ వర్షన్ చూస్తే 5.1.2600.2180 అని ఉంది. నా యంత్రం మీద విండోస్ వర్షన్ చూపే విన్‌వర్ అనే ఆదేశం నడిపితే వర్షన్ 5.1, బిల్డ్ 2600, సర్వీస్ ప్యాక్ 3 అని వచ్చింది. ఎస్‌పీ3కి చెందిన ఫైళ్ల చివర 5512 ఉండాలి. 2180 అనేది 2004లో వచ్చిన ఎస్‌పీ2 సంఖ్య. సహాయ పుస్తకాలు తిరగేస్తే, మాస్టర్ యంత్రం ఏ సర్వీస్ ప్యాక్‌లో ఉందో ఆ సర్వీస్ ప్యాక్ సిస్‌ప్రెప్‌నే వాడాలన్న విషయం స్పష్టమైంది. నేను ఎస్‌పీ2 సీడీతో మొదలుపెట్టి ఎస్‌పీ3 మీద ముగించిన సంగతి ఇప్పుడు ముఖ్యమైంది. సర్వీస్ ప్యాక్ హార్డ్ డిస్క్‌లోని విండోస్‌ను మార్చింది కానీ బయట ఉన్న సీడీలోని మూటను ఎలా మారుస్తుంది?

అయితే ఎస్‌పీ3 సీడీ సంపాదిస్తే సరిపోతుందని అనుకున్నాను. కాజీపేటలో కంప్యూటర్లు బాగుచేసే ఒక మిత్రుడి దగ్గర, మార్కర్‌తో “ఎక్స్‌పీ ప్రో ఎస్‌పీ3” అని రాసి ఉన్న సీడీ దొరికింది. ఆయన పదిహేనేళ్ల అనుభవం ఉన్నవారు, ఆ సీడీతో ఎన్నో యంత్రాలకు విండోస్ ఎక్కించారు. రాత్రి తొమ్మిదింటికి దానిని తెచ్చి, టూల్స్ ఫోల్డర్‌లోని క్యాబ్ తెరిచి, వర్షన్ ట్యాబ్ చూశాను. మళ్లీ 2180.

సీడీ తప్పుగా రాసి ఇచ్చారేమోనని మొదట అనుమానించాను. కానీ అదే సీడీతో ఖాళీ యంత్రంలో విండోస్ ఎక్కిస్తే సర్వీస్ ప్యాక్ 3 అనే చూపించింది. సీడీ మీద రాసింది నిజమే, క్యాబ్‌లో ఉన్నదీ నిజమే, రెండూ ఒకదానికొకటి పొసగవు. ఈ చిక్కు విడటానికి నాకు ఆ రాత్రి చాలా సేపు పట్టింది. ఆ సీడీ కంపెనీ నుంచి వచ్చిన ఎస్‌పీ3 సీడీ కాదు. పాత ఎస్‌పీ2 సీడీని హార్డ్ డిస్క్‌లోకి తీసుకుని, సర్వీస్ ప్యాక్ 3ను ఇంటిగ్రేట్ అనే ఆదేశంతో దానిలో కలిపి, మళ్లీ సీడీగా రాసుకున్నది. ఇలా కలపడాన్ని స్లిప్‌స్ట్రీమ్ అంటారు. అందులో తప్పేమీ లేదు, మేమందరం చేసేదే. కానీ ఆ ఆదేశం సీడీలోని ఐ386 అనే ఫోల్డర్‌ను, అంటే విండోస్‌ను ఎక్కించడానికి వాడే ఫైళ్లను మాత్రమే కొత్తవి చేస్తుంది. సపోర్ట్ ఫోల్డర్ జోలికి పోదు. ఇంటికి సున్నం వేసినవారు గోడలన్నీ తెల్లగా చేసి అటకను వదిలేసినట్టు, డిప్లాయ్ క్యాబ్ పాత సర్వీస్ ప్యాక్ దగ్గరే ఉండిపోతుంది. ఎవరూ దానిని తెరవరు కనుక ఆ సంగతి ఎవరికీ తెలియదు. మిత్రుడికి మర్నాడు ఫోన్‌లో చెబితే, ఆయన కూడా ఆ ఫోల్డర్‌ను ఒక్కసారైనా తెరవలేదని ఒప్పుకున్నారు.

“అదే కంపెనీది, అదే ఎక్స్‌పీది, గా మాత్రం తేడాకు ఏమైతదే? నడిపి చూడు” అని అన్న తొందరపెట్టారు. ఆయన తొందరకు కారణం ఉంది, పిల్లల ఫీజులు అప్పటికే కట్టించుకున్నారు. నేను నడపలేదు. సిస్‌ప్రెప్ వెంట వచ్చే సెటప్‌సీఎల్ అనే ప్రోగ్రాము యంత్రం తిరిగి లేచేటప్పుడు రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలు దాచుకునే చోట), డిస్క్ మీద ఎస్ఐడీ ఉన్న చోటల్లా పాతది తీసి కొత్తది రాస్తుంది. అలాంటి పని చేసే పనిముట్టు ఎదురుగా ఉన్న విండోస్‌ను సరిగ్గా ఎరిగినదై ఉండాలి. ఏదైనా తేడా వస్తే ఒక యంత్రంలో కాదు, 18 యంత్రాల్లో వస్తుంది, అది కూడా ఆ రోజే బయటపడాలని లేదు. జాతర పోస్టర్ల మధ్యలో బయటపడవచ్చు.

చివరకు దొరికిన చోటు చాలా సాదాది. సర్వీస్ ప్యాక్ 3 విడుదలైనప్పుడే దానికి సరిపోయే డిప్లాయ్‌మెంట్ టూల్స్‌ను మైక్రోసాఫ్ట్ విడిగా ఒక క్యాబ్‌గా తన డౌన్‌లోడ్ కేంద్రంలో పెట్టింది. ఎస్‌పీ2కు కూడా అలాగే వేరే క్యాబ్ ఉండేది. నేను అన్ని రోజులూ సిస్‌ప్రెప్ అనే పేరుతోనే వెతికాను కనుక, ఎవరెవరో తమ సొంత సైట్లలో పెట్టిన, ఎక్కడి నుంచి వచ్చాయో తెలియని ఫైళ్లే ముందు కనిపించాయి. పనిముట్టు పేరుతో వెతికితే పది దొరుకుతాయి. సర్వీస్ ప్యాక్ 3, డిప్లాయ్‌మెంట్ టూల్స్ అని కలిపి వెతికితే కావలసిన ఒక్కటి దొరికింది. చిన్న ఫైలే, టీ తాగి వచ్చేలోపు దిగింది. తెరిచి వర్షన్ చూశాను: 5.1.2600.5512.

సీ డ్రైవ్‌లో సిస్‌ప్రెప్ అనే పేరుతోనే ఫోల్డర్ చేసి, అందులోకి సిస్‌ప్రెప్, సెటప్‌సీఎల్ రెండూ పక్కపక్కన పెట్టాను. రెండో ఫైలు పక్కన లేకపోతే మొదటిది పనిచేయదు. తర్వాత సెటప్‌ఎంజీఆర్‌తో సిస్‌ప్రెప్ డాట్ ఐఎన్ఎఫ్ అనే జవాబుల ఫైలు తయారుచేసి అదే ఫోల్డర్‌లో ఉంచాను. మినీ సెటప్ అడిగే ప్రశ్నలకు ముందే జవాబులు రాసిపెట్టడం ఈ ఫైలు పని. లైసెన్సు ఒప్పందం తెరను దాటించమని, భారత కాలమానానికి సంఖ్య 190 అని, వర్క్‌గ్రూప్ పేరు ఫలానా అని రాశాను. కంప్యూటర్ పేరు, కీ మాత్రం ఖాళీగా వదిలాను. పేరు దగ్గర నక్షత్రం గుర్తు పెడితే విండోస్ తానే ఏదో ఒక పేరు అల్లుతుంది. కానీ ఏ బల్ల మీది యంత్రం ఏదో పేరును బట్టే తెలియాలని నాకు కోరిక. ఇక కీలు ప్రతి డబ్బా మీద వేరువేరుగా ఉన్నాయి కనుక ఎలాగూ చేతితోనే కొట్టాలి.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. జవాబుల ఫైలులో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ రాశాను. పరీక్ష కోసం దించిన మొదటి యంత్రంలో ఆ పాస్‌వర్డ్ పనిచేయలేదు, మాస్టర్‌లో పెట్టిన పాత పాస్‌వర్డే పనిచేసింది. గంటసేపు అక్షరాలు సరిచూసుకున్న తర్వాత రెఫ్ సహాయ పుస్తకంలో కారణం దొరికింది. మాస్టర్‌లో అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటేనే జవాబుల ఫైలులోని పాస్‌వర్డ్ అమలవుతుంది. ఆ పుస్తకాన్ని ముందే చదివి ఉంటే ఈ పని సగం రోజుల్లో అయ్యేది. అది క్యాబ్‌లోనే ఉంది, ఉచితంగా ఉంది, మంచి ఇంగ్లిష్‌లో ఉంది. నేను మాత్రం మూడో వంతు పని అయ్యాక తెరిచాను.

తెలుగు విషయంలో ఒక జాగ్రత్త ముందే తీసుకున్నాను. ఎక్స్‌పీలో గౌతమి ఫాంట్ ఉన్నప్పటికీ, రీజనల్ సెట్టింగ్స్‌లో సంక్లిష్ట లిపుల ఫైళ్లను ఎక్కించే గడిలో టిక్కు పెట్టకపోతే యూనికోడ్ తెలుగులో ఒత్తులు, గుణింతాలు విడివిడిగా చెల్లాచెదురవుతాయి. ఆ టిక్కు పెడితే సీడీ అడుగుతుంది. 18 చోట్ల సీడీ పెట్టే బదులు మాస్టర్‌లోనే ఆ పని ముగించాను. డీటీపీకి వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌ను మాత్రం ఇమేజ్‌లో పెట్టకుండా, యంత్రాలన్నీ నిలబడ్డాక ఒక్కొక్కటిగా ఎక్కించుకుందామని పక్కన ఉంచాను.

అన్నీ సరిచూసుకుని, నెట్‌వర్క్ తీగ తీసేసి, ఆ స్థితిలో మాస్టర్‌ను ఒకసారి క్లోన్‌జిల్లాతో పచ్చి ఇమేజ్‌గా దాచాను. తర్వాత సిస్‌ప్రెప్ తెరిచి, మినీ సెటప్ గడిలో టిక్కు పెట్టి, షట్‌డౌన్ ఎంచుకుని, రీసీల్ నొక్కాను. ఆ టిక్కు మరిచిపోతే మినీ సెటప్‌కు బదులు ఇంటి వాడకందార్లకు చూపే స్వాగత తెరలు వస్తాయి, మనం కష్టపడి రాసిన జవాబుల ఫైలు చాలావరకు వృథా అవుతుంది. యంత్రం దానంతట అదే ఆగిపోయింది. రాత్రి పదకొండు దాటింది, కరెంటు కూడా అప్పుడే పోయింది. యూపీఎస్‌ను నమ్ముకుని ఇమేజ్ తీయడం ఎందుకని, పొద్దున వచ్చి తీద్దామని ఇంటికి వెళ్లాను.

ఆ వెళ్లడమే తప్పయింది. పొద్దున కేంద్రం తలుపులు తెరిచే పిల్లవాడు రోజూ చేసినట్టే ఊడ్చి, నీళ్లు చల్లి, బల్లల మీది యంత్రాలను ఆన్ చేశాడు. నేను వచ్చేసరికి మాస్టర్ తెర మీద ఎక్స్‌పీ పచ్చిక మైదానం నిర్మలంగా కనిపిస్తోంది. “సార్, అదేదో పేరు అడిగింది, కీ అడిగింది. డబ్బా మీదున్నది చూసి కొట్టిన. నెక్స్ట్ నెక్స్ట్ అన్న, అయిపోయింది” అని వాడు సంతోషంగా చెప్పాడు. మినీ సెటప్ తన పని తాను పూర్తిచేసి, చివరన చేయవలసిన విధంగానే సీ డ్రైవ్‌లోని సిస్‌ప్రెప్ ఫోల్డర్‌ను తనంతట తానే తుడిచేసింది. జవాబుల ఫైలు పోయింది. మాస్టర్ మళ్లీ ఒక మామూలు యంత్రమైంది. వాడిని ఏమనగలను, నేను ఒక చీటీ కూడా అంటించి వెళ్లలేదు. మాస్టర్ మీదనే మళ్లీ సిస్‌ప్రెప్ నడపవచ్చు కానీ, యాక్టివేషన్ గడువును అది వెనక్కి తిప్పగలిగేది మూడుసార్లే కనుక, ఆ లెక్కను ఇలాంటి పనికి ఖర్చుపెట్టదలచుకోలేదు. రాత్రి దాచిన పచ్చి ఇమేజ్‌ను దించి, రీసీల్ చేసి, ఆగగానే పవర్ తీగ కూడా పీకేసి, కరెంటు నిలకడగా ఉన్న మధ్యాహ్నం పూట ఇమేజ్ తీశాను. జవాబుల ఫైలు ఆ పచ్చి ఇమేజ్‌లోనే ఉండటం వల్ల మళ్లీ రాసే పని తప్పింది.

ఒకే రకం మదర్‌బోర్డు ఉన్న 14 యంత్రాలు రెండు రోజుల్లో, పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ లేకుండా పూర్తయ్యాయి. మిగిలిన నాలుగూ లేవగానే నీలి తెర చూపి, 0x0000007B అనే సంఖ్యతో ఆగిపోయాయి. బూట్ కావలసిన డిస్క్ విండోస్‌కు అందడం లేదని దాని అర్థం. కొత్త బోర్డులోని డిస్క్ కంట్రోలర్‌కు డ్రైవర్ ఏదో తెలియక ముందే విండోస్ లేవబోయింది, డ్రైవర్ కోసం డిస్క్ చదవాలి, డిస్క్ చదవడానికి డ్రైవర్ కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్న సామెత ఇక్కడ సరిగ్గా అతుకుతుంది. దీనికి మందు సిస్‌ప్రెప్‌లోనే ఉంది. జవాబుల ఫైలులో మాస్ స్టోరేజ్ అనే విభాగం పేరు రాసి, బీఎంఎస్‌డీ అనే అదనపు ఆదేశంతో సిస్‌ప్రెప్ నడిపితే, విండోస్‌కు తెలిసిన డిస్క్ కంట్రోలర్ల జాబితా మొత్తాన్ని అదే తెచ్చి ఆ విభాగంలో నింపుతుంది. రీసీల్ చేసేటప్పుడు ఆ జాబితాలోని డ్రైవర్లన్నీ ముందుగానే సిద్ధమవుతాయి. పచ్చి ఇమేజ్‌ను మళ్లీ దించి, ఆ విభాగం నింపి, నాలుగింటి కోసం రెండో ఇమేజ్ తీశాను. ఈసారి రీసీల్‌కు చాలా ఎక్కువ సమయం పట్టింది, ఆగిపోయిందేమోనని రెండుసార్లు అనుమానపడ్డాను. వాటి నెట్‌వర్క్, సౌండ్, డిస్‌ప్లే డ్రైవర్లను సీ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టి, ఆ దారిని జవాబుల ఫైలులో రాయడంతో మినీ సెటప్ వాటిని తానే వెతుక్కుని ఎక్కించుకుంది.

మూడు లేచాయి. నాలుగోది అదే నీలి తెర దగ్గర మొరాయించింది. విండోస్ కంటే ముందు నడిచే బయోస్ అమరికల్లోకి వెళ్లి చూస్తే దాని సాటా అమరిక, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐలో ఉంది, మిగతావన్నీ ఐడీఈ అనే పాత పద్ధతిలో ఉన్నాయి. ఎక్స్‌పీతో ఏహెచ్‌సీఐ డ్రైవర్ రాదు, రానిదానిని జాబితాలో ఎంత నింపినా ప్రయోజనం లేదు. ఐడీఈకి మార్చి ఆన్ చేయగానే లేచింది. హాల్ (విండోస్‌కు, హార్డ్‌వేర్‌కు మధ్య ఉండే పొర) విషయంలో మాత్రం నాకు అదృష్టం కలిసివచ్చింది. డివైస్ మేనేజర్‌లో కంప్యూటర్ అన్న చోట అన్ని యంత్రాలకూ ఏసీపీఐ మల్టీప్రాసెసర్ అనే ఉంది. వాటిలో ఏదైనా ఏసీపీఐ కాని పాతకాలపు యంత్రం అయి ఉంటే ఒకే ఇమేజ్‌తో పని జరిగేది కాదు.

సంక్రాంతికి ముందురోజు, బయట పిల్లలు డాబాల మీద పతంగులు ఎగరేస్తుండగా, తలుపులు తెరిచే పిల్లవాడు కీలు చదువుతుంటే నేను కొడుతూ, ఒక్కొక్క యంత్రానికి డీటీపీ 01 నుంచి 18 దాకా పేర్లు పెట్టాం. 18 యంత్రాలను ఒకేసారి స్విచ్‌కు కలిపి మై నెట్‌వర్క్ ప్లేసెస్ తెరిస్తే 18 పేర్లూ వేరువేరుగా కనిపించాయి. అన్న వచ్చి చూసి, “ఇగ ప్రింట్ ఇచ్చి చూడు” అన్నారు. ఆరో నంబరు నుంచి ఇచ్చిన పేజీ ప్రింటర్‌లో బయటికి వచ్చింది.

కాజీపేట మిత్రుడికి సీడీ తిరిగి ఇచ్చే ముందు, ఆయన రాసుకున్న “ఎస్‌పీ3” అన్న మాట కింద, మార్కర్‌తోనే చిన్న అక్షరాల్లో “డిప్లాయ్ క్యాబ్ 2180” అని రాశాను. దానితో పాటు 5512 క్యాబ్ రాసిన ఇంకొక సీడీని కూడా అదే కవరులో పెట్టి ఇచ్చాను.